ఫాదో గానమును, లిస్బను నగరపు పురాతన మందిరములును

పుస్తకములు దాచుకొను అలమార, ముఖము తుడుచుకొను తువాలు, చొక్కాకు కుట్టించుకొను బొత్తాము, గోడ కట్టు మేస్త్రీ, దేవాలయమున ప్రసంగించు పాదిరి – ఈ మాటలను మనము దినదినమును పలుకుచున్నాము గాని, ఇవి యెచ్చటినుండి వచ్చినవని యడుగువారు తక్కువ. ఇవన్నియు పోర్చుగీసు భాషనుండి మనకు సంక్రమించినవి. మన పూర్వులు ఆ జాతివారిని బుడతకీచులని పిలిచెడివారు. 1498 సంవత్సరమున వాస్కో డ గామా కళ్లికోట తీరమున దిగినది మొదలు, 1961 సంవత్సరమున గోవా భారతదేశమున చేరువఱకు, వారినిగూర్చి మన పాఠ్యపుస్తకములు చెప్పునదెల్ల ఓడలు, కోటలు, మిరియములు, యుద్ధములు. ఓడలెక్కి వచ్చినవారి చరిత్రయే గాని, ఆ దేశమున ఇండ్లలో నిలిచిపోయినవారి పాట మన చెవిని బడలేదు. ఆ పాటనుగూర్చియు, అది నేడు వినవచ్చుచున్న పాత కట్టడములనుగూర్చియు, ఆ కట్టడములలో జరుగు చిత్రప్రదర్శనములనుగూర్చియు నాకు దెలిసినంత వ్రాయుచున్నాను.

ఆ పాటపేరు ఫాదో. లాటిను భాషయందు ‘ఫాతుమ్’ అనగా విధి, నొసటివ్రాత. ఆ మాటయే పోర్చుగీసున ఫాదో యయ్యెను. 19వ శతాబ్ది ప్రథమార్ధమున ఇది లిస్బను నగరపు బీదవాడలలో వ్యాపించినది. అల్ఫామ, మౌరరియ, బైరో ఆల్తో అనునవి యా వాడలలో ముఖ్యమైనవి. అల్ఫామ యనునది అరబ్బీమాట. వేడినీటి యూటలని దాని యర్థము. 1147 సంవత్సరమున క్రైస్తవరాజు లిస్బనును జయించిన పిమ్మట, ఓడిన మూరులు నివసించుటకు విడిచిన పేట మౌరరియ. ఈ యిరుకుసందులలో ఓడకళాసులు, చాకలిస్త్రీలు, చేపలమ్మువారు, కూలివాండ్రు, ఆఫ్రికానుండి తేబడిన బానిసల సంతతివారు కలసి యుండిరి. నెపోలియను సేనలకు వెఱచి 1807 సంవత్సరమున బ్రెజిలునకు పాఱిపోయిన రాజకుటుంబము 1821లో తిరిగివచ్చెను. బ్రెజిలునందు నీగ్రోజనులలో ఫాదో యనునొక నృత్య ముండెడిదనియు, అది యోడలవెంట వచ్చి లిస్బనున పాటగా మాఱినదనియు పెక్కుమంది చరిత్రకారులు చెప్పుదురు. ఇది యెవని సొంతసృష్టియు గాదు. నాలుగు ఖండములవారు కలసినచోట, పేదల నోట పుట్టినది.

మొదటి ప్రసిద్ధ గాయనిపేరు మరియ సెవేర. ఈమె 1820లో లిస్బనున జన్మించినది. తల్లి యొక మధుశాల నడిపెడిది. సెవేర మౌరరియపేటలో పాడి, గిటారు వాయించి, విమియోజు కౌంటు అను ప్రభువు దృష్టి నాకర్షించెనని ప్రతీతి. 1846లో, 26వ యేట, చనిపోయినది. ఆమె స్వరము నెఱిగినవా రెవ్వరును మిగులకమునుపే యామెపై నవల వెలువడెను. 1931 సంవత్సరమున పోర్చుగల్లు దేశపు మొట్టమొదటి మాటలాడు చలనచిత్రముగూడ ఆమె కథయే అయ్యెను. నేటికిని ఫాదో గాయనులు పాడునపుడు భుజములపై నల్లశాలువ కప్పుకొందురు. అది సెవేర స్మృత్యర్థమని జనులు చెప్పుకొందురు.

ఇక పాటతీరు. ఫాదో పాడువాఁడు, లేక పాడునది, నిలిచి పాడుదురు; వాద్యకారులు వెనుక కూర్చుందురు. వాద్యములు సామాన్యముగా రెండు. మొదటిది పోర్చుగీసు గిటారు, రెండవది మనమందఱమెఱిగిన సామాన్య గిటారు. దానిని వారు ‘వియోల’ యందురు. పోర్చుగీసు గిటారు పండ్లలో బేరిపండువంటి యాకారము గలది. దీనికి 12 ఉక్కుతంతులు. రెండేసి చొప్పున 6 జతలు. మన వీణకు బిరడలున్నట్లు దీనికి పెద్ద బిరడలు లేవు. తలకొనయందు నెమలి పురి విప్పినట్లు పఱచిన సన్నని మరలు గలవు. వానిని త్రిప్పి శ్రుతి చేయుదురు. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని కృత్రిమపు గోళ్లు తగిలించుకొని మీటుదురు. పూర్వము తాఁబేటిచిప్పతో చేసిన గోళ్లు వాడిరి. నేడు వేఱు పదార్థములతో చేయుచున్నారు. మన వైణికులు వ్రేలికి తొడుగు మీటుతో దీనిని పోల్చవచ్చును. లిస్బను గిటారు తలకొనయం దొక శంఖపుచుట్ట యుండును. కుయింబ్ర నగరపు గిటారునకు కన్నీటిబొట్టు ఆకారముండును, శ్రుతియు ఒక స్వరము దిగువ. 18వ శతాబ్దియందు ద్రాక్షసారాయి వర్తకమునకై పోర్తో నగరమున స్థిరపడిన ఇంగ్లీషువారు తెచ్చిన వాద్యమునుండి యిది పెరిగినదని తలంతురు. 1796 సంవత్సరముననే పోర్తోలో దీనికి శిక్షణగ్రంథము అచ్చుపడెను.

సంప్రదాయ ఫాదోలో నొక విశేషము కలదు. దానిని మన విద్యార్థులు సులభముగా గ్రహింపగలరు. మన కీర్తనల పుస్తకమున ఒకే రాగమునకు, ఒకే వరుసకు, పెక్కు కీర్తనలు చేర్చియుండుట మీరెఱుగుదురు. ఫాదో యందును అంతే. ‘ఫాదో మెనోర్’, ‘ఫాదో కొఱ్ఱీదు’, ‘ఫాదో మౌరరియ’ అనునవి మూడు మూలవరుసలు. వీనిని కట్టినవాని పేరెవ్వరికిని దెలియదు. తరువాత పుట్టిన వరుసలు నూఱులకొలది గలవు. గాయకుడు తనకు నచ్చిన పద్యమును తీసికొని, దానికి సరిపడు వరుసను ఎన్నుకొని, వాద్యకారులకు ఆ వరుసపేరును తన శ్రుతినిమాత్రము చెప్పును. పద్యము వారికి ముందు తెలియనక్కఱలేదు. అతఁడు మాటను సాగదీసినచో వారు నిలుతురు. అతఁడు త్వరపడినచో వారు వెంబడింతురు. అందుచేత ఒకే వరుస పదిమంది నోట పది విధములుగా నుండును. శ్రోతలు వినవచ్చునది వరుసనుగాదు, ఆ గాయకుడు మాటను పలుకు తీరును. మన పల్లెలలో హరిశ్చంద్రపద్యములను ఒక్కొక్క నటుడు ఒక్కొక్క రీతిని సాగదీయుచుండగా ఓపికతో వినినవారికి దీని రుచి వేఱుగ చెప్పనక్కఱలేదు.

పాడుటకు ముందు దీపములు తగ్గింతురు. మాటలు మానుడని, ఫాదో పాడబోవుచున్నారని, ఇంటియజమానుడో గాయకుడో హెచ్చరించును. అటుపిమ్మట పళ్లెముల చప్పుడైనను మర్యాదగాదు. భోజనమునకు వచ్చినవారు తినుట యాపవలసినదే. దీపములు తగ్గించు నీ యాచారమును నెలకొల్పినవాఁడు ఆల్ఫ్రెదు మర్సెనైరో (1891–1982) అని చెప్పుదురు. ‘మర్సెనైరో’ యనగా సన్నపనుల వడ్రంగి. అతని నిజమైన యింటిపేరు అది కాదు. వృత్తినిబట్టి జనులు పెట్టినది. పగలు కఱ్ఱపనిచేసి, రాత్రులు పాడెడివాఁడు. అతఁడు పాడి ప్రసిద్ధికెక్కించిన యొక పాటలో నొక యింటి వర్ణన యున్నది. ఆ యింటిని అతఁడు తన చేతులతోనే కఱ్ఱతో చిన్నబొమ్మగా చేసెను. పాటయు పనితనమును ఒక్కమనిషియం దుండుటకు ఇంతకంటె మంచి నిదర్శనము నాకు గనబడలేదు.

ఫాదో విషాదగానమని లోకమున ప్రసిద్ధి. అది సగమే నిజము. హాస్యపు ఫాదోలు, వాడకట్టు తగవుల ఫాదోలు, ఎద్దులపందెముల ఫాదోలు గూడ గలవు. అయినను ‘సౌదాద్’ అను మాట యీ పాటలలో మాటిమాటికి వినబడును. దూరమైనదానికొఱకు, తిరిగి రానిదానికొఱకు మనస్సు లాగుట యని దాని భావము. ఈ మాట మఱే భాషకును లొంగదని పోర్చుగీసువారు గర్వముతో చెప్పుకొందురు. ఆ గర్వము కొంచె మతిగా నున్నదని నా యభిప్రాయము. వసతిగృహమునకు వచ్చిన తొలివారమున చిన్నతరగతి బాలుడు అన్నము ముట్టక కూర్చుండుటకు మన యమ్మలు ‘బెంగ పెట్టుకొన్నాడు’ అందురు. సౌదాద్ అనునది ఆ బెంగకు మిక్కిలి దగ్గఱది.

ఇట్టి పాటను పెద్దలు చాలకాలము మన్నింపలేదు. దీనికి సాక్ష్యము ఒక చిత్రపటము. జొజే మల్యొవ యను చిత్రకారుడు 1910 సంవత్సరమున ‘ఫాదో’ యను పేర నొక పెద్ద తైలచిత్రమును ముగించెను. ఇరుకైన గది, గిటారు మీటుచున్న పురుషుడు, బల్లకు మోచేయి యానించి వినుచున్న స్త్రీ, ఆమె చేత సిగరెట్టు. ఈ యిద్దఱు కల్పితులు కారు, మౌరరియపేటలో నివసించినవారు. ఆ స్త్రీ ముఖమున కత్తిగాటుండుటచే జనులామెకు ఆ గాటునుబట్టియే పేరు పెట్టిరి. చిత్రకారుడు ఆ వాడకు పోయి, వారి గదిలోనే కూర్చుండి వ్రాసికొనెను. ఆ చిత్రము ముందు విదేశమున, బ్వేనొజ్ ఐరిజ్ నగరపు ప్రదర్శనమున, మెప్పు పొందెను. స్వదేశమునందలి గౌరవస్థులకు ఇట్టివారిని చిత్రింపవలయునా యను సంకోచ ముండెను. పిదప లిస్బను నగరసభ దానిని కొనెను. నేడది ఫాదో ప్రదర్శనశాలలో వచ్చినవారందఱు ముందు చూడగోరు వస్తువు. చిత్రము మాఱలేదు, చూచువారు మాఱిరి.

ఆ ప్రదర్శనశాల యున్న భవనము కథయు చెప్పదగినది. అల్ఫామ వాడ క్రిందిభాగమున, పూర్వము జనులు నీరు పట్టుకొన్న చావడి ముంగిట, 1868 సంవత్సరమున నగరమునకు నీరెక్కించుటకై ఆవిరియంత్రశాల నొకదానిని కట్టిరి. లిస్బనున నట్టిది యదియే మొదటిది. కాలక్రమమున దాని యవసరము తీఱిపోయెను. గోడలను పడగొట్టక, 1998 సెప్టెంబరున అందు ఫాదో ప్రదర్శనశాలను తెఱచిరి. పాత గిటారులు, గ్రామఫోను పలకలు, అచ్చుకాగితములు, చిత్రపటములు అందు గలవు. పాటకచేరీలును, తాత్కాలిక చిత్రప్రదర్శనములును జరుగుచున్నవి. గిటారు నేర్పు పాఠశాలయు గలదు. నీళ్లకు కుండలు పట్టుకొని నిలిచిన వారి మనుమలు, మునిమనుమలు అచ్చటనే పాట వినుచున్నారు. క్రొత్తగా పాలఱాతితో మఱియొక భవనము కట్టియున్నచో ఈ పోలిక కుదిరియుండదు గదా.

నేటి లిస్బనునందు కళాప్రదర్శనములు తఱచు ఇట్టి పాతచోట్లనే జరుగుచుండుటకు కారణము తెలియవలెనన్నచో 1755 సంవత్సరమునకు పోవలెను. ఆ యేడు నవంబరు 1వ తేది, సర్వపరిశుద్ధుల పండుగదినమున, ఉదయము తొమ్మిదిన్నర దాటిన కొద్దిసేపటికి, దేవాలయములు జనులతో నిండియున్న వేళ, మహాభూకంపము వచ్చెను. పిదప సముద్రము పొంగెను. పిదప దినములతరబడి అగ్ని కాల్చెను. ఆ యేటనే తెఱచిన రాజుగారి సంగీతనాటకశాల ఏడెనిమిది నెలలైన నిలువకయే నశించెను. అల్ఫామ గట్టినేలపై నుండుటచే చాలవఱకు మిగిలెను. అందుచే నేటికిని ఆ యిరుకుసందులు పాత తీరుననే యున్నవి.

కూలినవానిలో కార్ము మఠము నొకటి. 1389 సంవత్సరమున నూను ఆల్వరిజ్ పెరైర యను సేనాని స్థాపించినది. దాని దేవాలయపు పైకప్పు ఆనాడు ఆరాధకులపై కూలెను. తరువాత కొంత తిరిగి కట్టనారంభించియు విడిచిపెట్టిరి. కప్పులేని కమానులు ఎముకలగూడువలె ఆకాశమునకు నిలిచియున్నవి. 1864 సంవత్సరమున పురావస్తుశాస్త్రజ్ఞుల సంఘ మొకటి ఆ శిథిలములలోనే ప్రదర్శనశాలను నెలకొల్పెను. వేసవి రాత్రులయందు ఆ గోడలపై దీపకాంతుల దృశ్యములు చూపుటయు, నక్షత్రముల క్రింద సంగీతము వినిపించుటయు గలదు. శిథిలమును శిథిలముగానే యుంచి, దానిలోనికి జనులను పిలుచుట మంచి పద్ధతియని నాకు దోచుచున్నది. మన దేశమున కోటలకు సున్నము వేసి వానిని పాడుచేసినచోట్లు చూచినవారు నాతో ఏకీభవింతురు.

కార్ము మఠముప్రక్కనున్న సైనికశాల ముంగిట మఱియొక చరిత్ర జరిగెను. దానికి పాటతో సంబంధ మున్నది గనుక కొంచెము విస్తరించి చెప్పుదును. 1926 సంవత్సరపు సైనిక విప్లవమునకు పిమ్మట పోర్చుగల్లున నిరంకుశపాలన వచ్చెను. 1927 సంవత్సరపు శాసనమునుబట్టి, జీతమునకు పాడు గాయకులందఱును అనుమతిపత్రము పొందవలయును. పాడబోవు పాటలను ముందుగా అధికారులకు చూపి ముద్ర వేయించుకొనవలయును. అప్పటివఱకు కార్మికుల సమ్మెలపైనను, వాడలోని యన్యాయముపైనను అప్పటికప్పుడు పద్యము కట్టి పాడు గాయకులుండిరి. ముద్రలేని మాట పాడరాదనిన పిమ్మట ఆ విద్య క్షీణించెను. పాటలు బజారు వదలి, భోజనశాలలలో చేరెను. విషాదము మిగిలెను, కోపము పోయెను. దీనిని గుర్తింపక ‘ఫాదో యెప్పుడును ఏడుపే’ యనువారు, ఏడుపు తక్క తక్కినవి యెవరు కత్తిరించిరో యడుగరు.

ఈ కాలముననే అమాలియ హొద్రీగిజ్ (1920–1999) పెరిగి లోకప్రసిద్ధయైనది. బాల్యమున ఈమె లిస్బను రేవువీధులలో పండ్లమ్మినది. పారిసు, న్యూయార్కు మొదలగు నగరములలో పాడి ఫాదోను ప్రపంచమునకు వినిపించినది. 1962లో ఈమె పాడిన యొక పాట పెనిషె యను సముద్రతీరపు కోటలో చెఱబడిన రాజకీయఖైదీలను స్మరించుచున్నదని ప్రభుత్వము దానిని నిషేధించెను. 1965లో మహాకవి కమొయిష్ పద్యములను పాడినపుడు పండితులు కొందఱు మండిపడిరి: మధుశాలపాటకు మహాకవి పద్యమా యని. ఆ కమొయిష్ స్వయముగా మన గోవాలో సంవత్సరములు గడిపినవాఁడే, పేదరికము నెఱిగినవాఁడే. అతఁడే యుండినచో కోపించియుండునని నేననుకొనను.

1974 ఏప్రిలు 25వ తేది యర్ధరాత్రి దాటిన తరువాత ఒక రేడియో నిలయమునుండి జొజే అఫోన్సు పాట యొకటి ప్రసారమయ్యెను. ఆయన కుయింబ్ర ఫాదోతో ప్రారంభించి, ఆ పద్ధతిని విడిచి జనపదముల పాటలవైపు తిరిగినవాఁడు. ఆ పాట వినబడగానే సైనికులు కదలవలయునని ముందుగా ఏర్పాటై యుండెను. నాడు మధ్యాహ్నమునకు ప్రధానమంత్రి కార్ము సైనికశాలలో తలదాచుకొనగా, జనులు ఆ చౌకమున క్రిక్కిఱిసి నిలిచిరి. సాయంకాలమునకు ఆయన లొంగిపోయెను. సైనికుల తుపాకులలో జనులు కార్నేషను పూవులుంచిరి. 48 సంవత్సరముల నిరంకుశత్వ మట్లు ముగిసెను.

ఆ పిమ్మట ఫాదోకు మఱియొక కష్టము వచ్చెను. పాతప్రభుత్వము దీనిని దేశపుపాటగా వాడుకొన్నది గనుక, క్రొత్తవారు కొందఱు దీనిని అనుమానించిరి. అమాలియను గూడ నిందించిరి. ఆమె నిర్బంధములోనున్న రాజకీయఖైదీల కుటుంబములకు రహస్యముగా ధనసహాయము చేసెనన్న మాట తరువాతనే లోకమునకు తెలిసెను. ఆమె 1999 అక్టోబరు 6వ తేదిన మరణించినపుడు ప్రభుత్వము మూడుదినములు సంతాపము ప్రకటించెను. 2001లో ఆమె యస్థికలను దేశపు మహనీయులుండు సంత ఎంగ్రాసియ మందిరమునకు చేర్చిరి. 2011 నవంబరు 27వ తేదిన, బాలిద్వీపమున జరిగిన సభయందు, ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్థ ఫాదోను మానవజాతి యమూర్తవారసత్వముల పట్టికలో చేర్చెను. ముద్ర వేయించుకొననిదే పాడరాదన్న పాటకు ఇది వేఱొక ముద్ర.

గిటారుకారులలో నొక్కరినైనను తలంపక పోరాదు. కార్లుష్ పరెదిజ్ (1925–2004) కుయింబ్రలో జన్మించినవాఁడు. తండ్రి ఆర్తూరును ప్రసిద్ధ వైణికుడే. కార్లుష్ లిస్బనునందలి యాసుపత్రిలో గుమాస్తాపని చేసి జీవించెను. 1958లో రాజకీయకారణములచే అతనిని చెఱబెట్టిరి. చెఱలో వాద్యము లేదు. గదిలో అటునిటు తిరుగుచు, లేని గిటారును మీటుచున్నట్లు వ్రేళ్లాడించెడివాఁడు. తోడి ఖైదీలు మతి చలించెనని తలంచిరి. అతఁడు మనస్సులో స్వరములు కూర్చుకొనుచుండెను.

లిస్బను నగరమున పెద్దదేవాలయము ప్రక్కనే అల్జూబ్ అను పాత చెఱసాల గలదు. 1928 నుండి 1965 వఱకు రాజకీయఖైదీల నందుంచిరి. 2015 ఏప్రిలు 25వ తేదిన దానిని ప్రదర్శనశాలగా తెఱచిరి. పోర్తో నగరమునను ఇట్టిదే కలదు. 18వ శతాబ్దిలో కట్టిన న్యాయస్థానపు చెఱసాల, ఇనుపకిటికీలతోనే, 1997 నుండి ఛాయాచిత్ర ప్రదర్శనశాలగా నున్నది. నవలాకారుడు కమీలు కస్తేలు బ్రాంకు 1861లో అందులో బందీగా నుండి, తన ప్రఖ్యాతనవలను పదునైదు దినములలో వ్రాసెనట. ఖైదీలుండిన గదుల గోడలపై నేడు పటములు వ్రేలాడుచున్నవి. లిస్బనున ఓడలకు మోకులు పేనిన దీర్ఘశాల యొకటి నదియొడ్డున నున్నది. మోకు పేనుటకు పొడవుకావలెను గదా, అది సుమారు 400 మీటరుల పొడవు. అందును నేడు చిత్రప్రదర్శనములు జరుగుచున్నవి.

పెంకుపలకల చిత్రములనుగూర్చి చెప్పక యీ వ్యాసము ముగింపనొల్లను. వీనిని ‘అజులేజు’ లందురు; అదియు అరబ్బీమాటయే. సుమారు 14 సెంటీమీటరుల చదరపు మట్టిపలకపై తగరపు తెల్లపూత పూసి, నీలివర్ణముతో చిత్రించి, కొలిమిలో కాల్చుదురు. పలకలను గోడపై కూర్చినచో మహాచిత్రము వచ్చును. పోర్తో నగరపు రైలుస్టేషనులో జోర్జె కొలాసు చిత్రించిన సుమారు 20,000 పలకలు యుద్ధములను, పండుగలను, బండ్లను చూపును. బండికి వేచియున్నవాఁడు కానిలేని ప్రదర్శనము చూడవచ్చును. లిస్బనున లియొనోర్ రాణి 1509లో స్థాపించిన దేవమాతమఠమున పెంకుపలకల ప్రదర్శనశాల నెలకొల్పిరి. అందలి మహావస్తువు సుమారు 23 మీటరుల పొడవుగల నగరచిత్రము. సుమారు 1700 సంవత్సరమున చిత్రించినది. భూకంపమునకు ముందటి లిస్బను – రాజభవనము, రేవు, దేవాలయములు, సందులు – నదినుండి చూచినట్లు అందున్నది. నగరము కూలెను, మట్టిపలక మిగిలెను. పోయిన వీధి యెచ్చటనుండెనో తెలియగోరువారు నేటికిని దానియెదుట నిలిచి వెదకుదురు.

కుయింబ్ర నగరపు ఫాదో వేఱు జాతి. అది విద్యార్థుల పాట. మన పత్రికకు తగినది. 1290లో పుట్టిన విశ్వవిద్యాలయము 1537లో ఆ నగరమున స్థిరపడెను. అచ్చటి విద్యార్థులు నల్లని పైదుస్తు కప్పుకొని, రాత్రివేళ, 12వ శతాబ్దినాటి పాత పెద్దదేవాలయపు మెట్లపై నిలిచి పాడుదురు. ఏటేట వసంతమున, చదువు ముగించువారి యుత్సవమునకు ఆరంభముగా జరుగు ఆ పాటకు వేలకొలది జనులు కూడుదురు. చిరకాలము మగవారే పాడిరి. పాట ముగిసినపుడు చప్పట్లు కొట్టుట పాతయాచారము కాదు. గొంతు సవరించుకొనినట్లు దగ్గి మెచ్చుకోలు తెలుపుదురు. మన వార్షికోత్సవమున ఈ పద్ధతిని ప్రవేశపెట్టినచో వైద్యుని పిలువవలసి వచ్చును.

నేటి చిత్రకారులును ఈ పాటను విడువలేదు. జొవన వశ్కొన్సేలుష్ అను శిల్పి 2005లో ఎఱ్ఱని ప్లాస్టిక్ గరిటెలు, ముళ్లగరిటెలు, కత్తులతో నిలువెత్తు హృదయము నొకటి నిర్మించెను. దూరమునుండి చూచిన సన్నని బంగారుతీగెపని వలె నుండును. అమాలియ పాట వినబడుచుండగా అది మెల్లగా తిరుగును. పెండ్లినగ యాకారము, పారవేయు గరిటెల పదార్థము. 2015లో అల్ఫామ వీధియం దొకచోట, వీల్ష్ అను కళాకారుడు నగరసభ రాళ్లు పఱచువారితో కలసి అమాలియ ముఖమును వీధిరాళ్లతోనే కూర్చెను. బాట గోడపైకెక్కి ముఖమగును. వాన కురిసినపుడు కన్నులనుండి నీరు కాఱినట్లుండును.

అయితే ఆ రాళ్లప్రక్క యిండ్లలో నెవరుందురను ప్రశ్న నేడు అల్ఫామను, మౌరరియను వేధించుచున్నది. పాట ప్రసిద్ధియైనకొలది యాత్రికులు పెరిగిరి. యాత్రికులు పెరిగినకొలది ఇండ్లు వారి బసలుగా మాఱెను. అద్దెలు మించుటచే తరతరముల కాపురస్థులు ఊరిచివరలకు తరలిపోయిరి. భోజనశాలలలో రాత్రికి రెండుమార్లు, గడియారమునుబట్టి, ఫాదో వినిపింతురు. అది చెడ్డదని యనను. గాయకులకు కూడు పెట్టుచున్నది. కాని వాడలోని మనుష్యులు పోయినపిదప వాడపాట యెంతకాలము నిలుచునో యని ఆ నగరవాసులే యడుగుచున్నారు. ఇందుకు సమాధానము ప్రదర్శనశాలల వలన దొరకదు.

‘ఫాదో వదీయు’ అను మాట యొకటి గలదు. తిరుగుబోతు ఫాదో యని యర్థము. జీతగాండ్రుగాక, వాడవారే వచ్చి పాడునది. చిన్న మధుశాల, నాలుగు బల్లలు, మూల నిద్దఱు గిటారుకారులు. వంటయింటిలో పనిచేయు స్త్రీ చేతులు తుడుచుకొని వచ్చి, వరుసపేరు చెప్పి, శాలువ సవరించుకొని, కన్నులు మూసికొని పాడును. తరువాత కారు నడుపువాఁడు, ఆ తరువాత ప్రక్కయింటి వృద్ధుడు. ఒకరి స్వరము తప్పినను ఎవరును నవ్వరు. మాట స్పష్టముగా లేనిచో మాత్రము వృద్ధులు మొగము చిట్లింతురు. పాట ముగిసినపుడు ఆమె తిరిగి వంటయింటిలోనికి పోవును, దీపములు వెలుగును, పళ్లెముల చప్పుడు మొదలగును.